మెస్ వాళ్ళమ్మాయి హత్య కేసు తేల్చగలదా? చట్టం ఎక్కడిదాకా ఒప్పుకుంటుంది

ఓటీటీల్లో, ఇంగ్లిష్ నవలల్లో ఒక తరహా కథకి గిరాకీ ఎప్పుడూ తగ్గదు. చిన్న ఊరు, రెండు తరాలుగా నడుస్తున్న కుటుంబ హోటల్, అక్కడ తిన్న మనిషి ఒకడు చనిపోతాడు, పోలీసులు హోటల్ వాళ్ళనే అనుమానిస్తారు, పట్నంలో ఉద్యోగం మానేసి ఇంటికొచ్చిన కూతురు రంగంలోకి దిగి చివరి పేజీలోపు హంతకుణ్ణి పట్టిస్తుంది. కోజీ మిస్టరీ అంటారు వీటిని. రక్తం పెద్దగా కనిపించదు, వంటల వర్ణన మాత్రం దండిగా ఉంటుంది. ఇదే కథని నర్సంపేటకో పరకాలకో తెచ్చి పెడితే నిలబడుతుందా?

సరదా ప్రశ్నలాగే ఉంటుంది గానీ, తిండి తిని మనిషి పోయాడన్న వార్త వచ్చిన ప్రతిసారీ మన వాట్సాప్ గ్రూపుల్లో నడిచేది ఇదే. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మోమోలు తిని ఒక మహిళ చనిపోయి, చాలామంది ఆసుపత్రి పాలైనప్పుడు, ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనీజ్‌ని ఏడాదిపాటు నిషేధించింది. అది తిండి కల్తీ వ్యవహారం, హత్య కాదు. కానీ ఆ వారం రోజుల్లో జనం పోలీసు, ఫుడ్ సేఫ్టీ, డాక్టర్ పాత్రలు మూడూ కలిపేసి మాట్లాడారు. చిక్కుముడి అక్కడే ఉంది కాబట్టి అక్కడినుంచే విప్పుదాం.

ముందు ఒక కేసు ఊహించుకుందాం

నర్సంపేట బస్టాండ్ దగ్గర ఒక మెస్. పూర్తిగా కల్పితం, ఎవరూ తమ మెస్ అనుకోవద్దు. ఆదివారం తలకాయ కూర, మిగతా రోజుల్లో పప్పు, పచ్చిపులుసు, ఏదో ఒక వేపుడు. హమాలీలు, డ్రైవర్లు, మిర్చి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్‌కి పోయి వచ్చే రైతులు, అందరికీ ఉద్దెర ఖాతాలే. ఒక రాత్రి ఎనిమిదిన్నరకి ఒక కమీషన్ వ్యాపారి వచ్చి తిన్నాడు. తొమ్మిదింబావుకి వాంతులు, ఒళ్ళంతా చెమట, నోట్లోంచి చొంగ. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్తే తెల్లారేసరికి ప్రాణం పోయింది. మూడు వారాల తర్వాత అదే మెస్ వంటమాస్టర్ తన గదిలో చనిపోయి కనిపించాడు. మెస్‌కి తాళం పడింది. హైదరాబాద్‌లో పనిచేసే ఓనర్ కూతురు ఇంటికొచ్చి, బాపు మీద పడ్డ మచ్చ తుడవాలనుకుంది.

చనిపోవడం, అనుమానాస్పద మృతి, హత్య: మూడూ ఒకటి కాదు

2024 జూలై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్యాల చట్టం పోయి భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియం వచ్చాయి. సెక్షన్ నంబర్లు మారాయి, పద్ధతి చాలావరకు పాతదే. ఎవరైనా అనుమానాస్పదంగా చనిపోతే పోలీసులు మొదట హత్య కేసు కట్టరు. సురక్షా సంహిత 194 కింద (పాత 174) కేసు రాసుకుని, ఇద్దరు ముగ్గురు స్థానికుల సమక్షంలో శవపంచనామా చేస్తారు. ఆ రిపోర్టు 24 గంటల్లో జిల్లా మేజిస్ట్రేట్‌కో సబ్ డివిజినల్ మేజిస్ట్రేట్‌కో వెళ్ళాలి. ఈ దశలో తేలాల్సింది ఒక్కటే, మనిషి పైకి కనిపిస్తున్నంతవరకు ఎలా పోయాడు అన్నది. ఎవరు చంపారన్నది పంచనామాలో ఉండదు. పంచుల సంతకాలు చూసి "రిపోర్టులో హోటల్ పేరు రాశారంట" అని ఊరంతా తిప్పేవాళ్ళకి ఇది తెలియదు.

తర్వాత పోస్ట్‌మార్టం. విషం అనుమానం ఉంటే డాక్టర్ జీర్ణాశయం, కాలేయం, మూత్రపిండం వంటి భాగాలు తీసి, సాధారణంగా గాఢమైన ఉప్పునీళ్ళలో భద్రపరిచి ఫోరెన్సిక్ ల్యాబ్‌కి పంపిస్తారు. విస్రా రిపోర్టు అని పేపర్లలో రాసేది దీన్నే. అది వచ్చేదాకా "మరణ కారణం పెండింగ్" అనే ఉంటుంది. సినిమాల్లో ఆ సాయంత్రమే వచ్చేస్తుంది, అది వేరే సంగతి. రిపోర్టులో విషం తేలినా అది హత్య అని కాదు, మనిషి తనే తాగి ఉండొచ్చు. తాగలేదని చెప్పే ఆధారాలు దొరికాకే న్యాయ సంహిత 103, అంటే హత్య సెక్షన్ వస్తుంది.

ఈ మొదటి అంచనా ఎంత తప్పవచ్చో వరంగల్ వాళ్ళకి విడమర్చి చెప్పనక్కర్లేదు. 2020 మే 21, 22 తేదీల్లో గొర్రెకుంట బావిలో తొమ్మిది శవాలు బయటపడినప్పుడు, లాక్‌డౌన్ రోజులు కావడంతో వలస కుటుంబం ఆత్మహత్య చేసుకుందనే చాలామంది అనుకున్నారు. తిండిలో నిద్రమాత్రలు కలిపి, మత్తులో ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినే బావిలో పడేశాడని, అదీ అంతకుముందు చేసిన ఒక హత్యని కప్పిపుచ్చడానికని దర్యాప్తులో తేలింది. ఆ అక్టోబర్‌లోనే వరంగల్ కోర్టు అతనికి మరణశిక్ష వేసింది. అక్కడ తిండి మనిషిని చంపలేదు, చంపడానికి దారి చేసింది. అంటే తిన్న ప్లేటు చుట్టూ మాత్రమే తిరిగే దర్యాప్తు అసలు సంగతి దాటిపోవచ్చు.

వంటగదిలోకి రెండు శాఖలు వస్తాయి

మెస్ దగ్గరికి పోలీసులతో పాటు ఫుడ్ సేఫ్టీ అధికారి కూడా వస్తాడు. ఇద్దరి ప్రశ్నలు వేరు. పోలీసుకి కావాల్సింది ఎవరు, ఎందుకు. ఫుడ్ సేఫ్టీకి కావాల్సింది ఈ తిండి తినదగిందా కాదా. 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం తీసిన శాంపిల్‌ని నాలుగు భాగాలు చేస్తారు. ఒకటి ఫుడ్ అనలిస్ట్‌కి, రెండు పై అధికారి దగ్గర, నాలుగోది ఓనర్ అడిగితే గుర్తింపు పొందిన వేరే ల్యాబ్‌కి. అనలిస్ట్ 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. రెండు ల్యాబ్‌ల ఫలితాలు కలవకపోతే రిఫరల్ ల్యాబ్ మాటే చివరిది. ఆ నాలుగో భాగం అడగొచ్చని చాలామంది హోటల్ వాళ్ళకి తెలియదు. మన కథలోని అమ్మాయి మొదటి రోజు చేయగలిగిన పనుల్లో అన్నిటికంటే విలువైనది బహుశా ఇదే, కానీ ఏ నవలలోనూ ఇది రాదు, ఎందుకంటే ఫారం నింపడంలో ఉత్కంఠ ఉండదు.

తిండి సురక్షితం కాక మనిషి చనిపోయాడని రుజువైతే ఆ చట్టం 59వ సెక్షన్ కింద కనీసం ఏడేళ్ళు, గరిష్ఠంగా యావజ్జీవం. అందుకే ఓనర్‌కి టెన్షన్ రెండు వైపుల నుంచి ఉంటుంది. హత్య కాదని తేలితే ఊపిరి పీల్చుకోవచ్చు అనుకోవడానికి లేదు.

ఇక్కడ అమ్మాయి గమనించాల్సింది సమయం. చెడిపోయిన తిండిలో స్టాఫిలోకాకస్ విషం ఉంటే సాధారణంగా కొద్ది గంటల్లోపు వాంతులు మొదలవుతాయి, సాల్మొనెల్లా అయితే ఆరు గంటల నుంచి కొన్ని రోజుల దాకా పట్టొచ్చు. పురుగుల మందుల్లో ఆర్గానోఫాస్ఫేట్ రకం నిమిషాల్లోనూ చూపించొచ్చు, చెమట, చొంగ, కంటిపాప సూదిమొనలా అవడం దాని గుర్తులు. వ్యాపారికి ముప్పావుగంటలో వచ్చాయి. ఆ రాత్రి అదే బగోనెలో కూర అరవై మంది తిన్నారు, మిగతా వాళ్ళెవరికీ ఏం కాలేదు. అంటే కూర బగోనెలో ఉన్నంతసేపు బాగానే ఉండి ఉండాలి. ప్లేట్లోకి వచ్చాక ఏదో కలిసింది, లేదా మెస్‌కి రాకముందే ఆయన ఎక్కడో ఏదో పుచ్చుకున్నాడు. ఇంతవరకు ఆలోచించడానికి డిటెక్టివ్ అక్కర్లేదు, వడ్డించే మనిషి చాలు. కానీ ఇది చెప్పగలిగేది కూడా ఆ వంటగది తెలిసిన మనిషే.

విషం కేసుల్లో కోర్టు అడిగే నాలుగు ప్రశ్నలు

1984లో శరద్ బిర్ధీచంద్ శార్దా కేసులో సుప్రీంకోర్టు విషంతో హత్య అన్న ఆరోపణకి నాలుగు కొలతలు పెట్టింది. నిందితుడికి చంపాల్సిన కారణం ఉందా? మనిషి నిజంగా విషంతోనే పోయాడా? ఆ విషం నిందితుడి దగ్గర ఉందా? దాన్ని పెట్టే అవకాశం అతనికి దొరికిందా? ఆ కేసులో చివరికి నిందితుణ్ణి నిర్దోషిగా వదిలేశారు, అంటే కొలత ఎంత గట్టిదో అర్థం చేసుకోవచ్చు.

మన మెస్ ఓనర్ మీద ఇవి పెట్టి చూద్దాం. అవకాశం ఉంది, వంటగది ఆయనదే, జనం వేలు చూపించేది కూడా దీన్ని పట్టుకునే. విషం దగ్గరుందా అన్నది మామూలుగా బలమైన ప్రశ్న, కానీ పత్తి, మిర్చి పండే నర్సంపేట చుట్టుపక్కల పురుగుల మందు డబ్బా లేని ఇల్లు వెతకాలి. ఓనర్ ఇంట్లో దొరికినా అది ఆయన్ని పొరుగు రైతు నుంచి వేరు చేయదు. మందు బ్రాండు, అందులోని రసాయనం విస్రా రిపోర్టుతో సరిపోలితేనే ఆ డబ్బాకి విలువ. విషంతోనే పోయాడా అన్నది ల్యాబ్ చెప్పాలి. మిగిలింది కారణం.

ఇక్కడే ఉద్దెర పుస్తకం బయటికి తీయాలి. వ్యాపారి మెస్‌కి పద్నాలుగు వేలు బాకీ ఉన్నాడనుకుందాం. పోలీసులు దీన్ని కారణంగా చూడొచ్చు, బాకీ కోసం గొడవ. కానీ బాకీ ఉన్నవాడు చనిపోతే మునిగేది అప్పిచ్చినవాడే. అదే పుస్తకంలో నాలుగు నెలల నుంచి ఆయన పేరు పక్కన ఇంకో మనిషి ప్లేటు కూడా రాస్తున్నారు, వారానికి రెండు సార్లు, ఆ రాత్రితో ఆ రెండో ప్లేటు ఆగిపోయింది అనుకుందాం. ఇది దారి చూపించే ఆధారం. సాక్ష్య అధినియం 28 ప్రకారం వ్యాపారం నడిచే తీరులో క్రమం తప్పకుండా రాసే ఖాతా పుస్తకాలు కోర్టులో పనికొస్తాయి, కానీ ఆ రాత ఒక్కటే పట్టుకుని ఎవరి మీదా బాధ్యత వేయకూడదు. అంటే పుస్తకం వెనుక ఫోన్‌పే చెల్లింపులో, పక్క బల్ల మీద తిన్న మనిషి మాటో ఉండాలి. అమ్మాయి చేయకూడని పని ఒకటుంది, అర్థం కావడం కోసమనో శుభ్రంగా ఉండాలనో ఆ పుస్తకంలో ఒక్క అక్షరం కూడా దిద్దడం. దిద్దిన పుస్తకం నిజమే చెబుతున్నా ఎవరూ నమ్మరు.

రెండో చావు సంగతి ఇంకా మెలికలు. ఒకే మెస్, ఒకే నెల, కాబట్టి ఒకే హంతకుడు అని నవల అనేస్తుంది. కోర్టు అనదు. వంటమాస్టర్ తన మీద అనుమానం భరించలేక ప్రాణం తీసుకుని ఉండొచ్చు, ఏదో చూసినందుకు చంపేసి ఉండొచ్చు, గుండెపోటు కూడా కావచ్చు. ఆ నాలుగు ప్రశ్నలూ అతని విషయంలో మళ్ళీ మొదటినుంచి అడగాల్సిందే.

ఆమె ఏం చేయొచ్చు, ఎక్కడ ఆగాలి

మన దేశంలో ప్రైవేట్ డిటెక్టివ్‌లకి లైసెన్స్ ఇచ్చే చట్టమే లేదు. 2007లో బిల్లు పెట్టారు గానీ చట్టం కాలేదు. కాబట్టి అడగడం, రాసుకోవడం, పబ్లిక్ రికార్డులు తీయడం ఎవరైనా చేయొచ్చు. మనుషుల్ని ప్రశ్నించినంత మాత్రాన నేరం కాదు. పోలీసునని చెప్పుకుంటే నేరం. ఇంకొకరి గదిలోకి చొరబడితే, ఎవరినైనా కదలనీయకుండా కూర్చోబెడితే నేరం. కాల్ రికార్డులు డబ్బిచ్చి తెప్పించుకుంటే ఇంకా పెద్ద నేరం. కళ్ళముందు హత్యో, బెయిల్ రాని అలాంటి నేరమో జరిగితే మామూలు మనిషి కూడా నిందితుణ్ణి పట్టుకోవచ్చు, సురక్షా సంహిత 40 ఒప్పుకుంటుంది, కానీ ఆరు గంటల్లోపు పోలీసులకి అప్పజెప్పాలి. మూడు వారాల కింద జరిగిన దానికి ఇది వర్తించదు. హత్య గురించి తెలిసిన ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలని 33వ సెక్షన్ అంటుంది, కాబట్టి క్లైమాక్స్ కోసం దాచుకోవడం కుదరదు.

సీసీ కెమెరా విషయంలో తొందర అవసరం. చిన్న మెస్‌ల్లో డీవీఆర్ (కెమెరా దృశ్యాలు రికార్డయ్యే పెట్టె) నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి రాసేసుకుంటుంది. సెల్‌ఫోన్‌తో మానిటర్ స్క్రీన్‌ని వీడియో తీసి గ్రూపులో పెట్టడం జనం చేసే మొదటి పని, కోర్టులో అది దాదాపు పనికిరాదు. సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్ మారలేదని చూపించే కోడ్) కూడా రాయాలి. డీవీఆర్ ఆపి, ప్లగ్ తీసి, పోలీసులకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవడం మేలు.

మనుషుల మాటల్లోనూ తేడా ఉంది. "అక్కా, ఆ రాత్రి ఆయనతోని ఇంకొకాయన కూడా వచ్చిండు, నేనే జూసిన" అని ఒక హమాలీ చెబితే అతను సాక్షి. "మా మేస్త్రీ జూసిండట" అంటే కాదు, మేస్త్రీని వెతకాలి. ఆమె వినేసి కోర్టులో చెబితే అది విన్నమాటే. ఇంకో చిక్కు, ఆమె ముందే పదిమందితో మాట్లాడి "నీలం చొక్కా మనిషేనా?" అని అడుగుతూ పోతే, తర్వాత పోలీసులు అడిగినప్పుడు అందరూ నీలం చొక్కా అనే చెబుతారు. డిఫెన్స్ లాయర్ మొదట పట్టుకునేది దీన్నే.

ఒప్పుకోలు: చట్టంలో ఒక వింత

ఒక్క చోట మాత్రం నవలదే గెలుపు. పోలీసు అధికారి ముందు నిందితుడు నేరం ఒప్పుకుంటే అది సాక్ష్యం కాదు, సాక్ష్య అధినియం 23వ సెక్షన్ దాన్ని లోపలికి రానివ్వదు (దాన్ని బట్టి ఏదైనా వస్తువు దొరికితే ఆ మేరకు మినహాయింపు). కానీ అదే మనిషి మెస్ బల్ల దగ్గర కూర్చుని ఓనర్ కూతురితో "నేనే కలిపిన" అంటే, సూత్రప్రాయంగా అది కోర్టుకి వెళ్ళగలదు. కాబట్టి సీఐ సారు ముందు చెల్లని మాట ఆమె ముందు చెల్లొచ్చు.

దీన్ని చూసి సంబరపడేలోపు రెండో సగం చదవాలి. బయటి మనుషుల ముందు ఒప్పుకోలుని కోర్టులు బలహీనమైన సాక్ష్యంగానే చూస్తాయి. బెదిరింపు లేకుండా తనంతట తాను చెప్పాడా, ఇంతమంది ఉండగా ఈమెకే ఎందుకు చెప్పాడు, వేరే ఆధారాలు బలపరుస్తున్నాయా అని జల్లెడ పడతాయి. తండ్రి జైలుకి పోయే పరిస్థితిలో ఉన్న కూతురికి అసలు హంతకుడు వచ్చి మనసు విప్పి చెప్పాడంటే ఏ జడ్జి అయినా కళ్ళద్దాలు సర్దుకుంటాడు. బంధువు సాక్ష్యం అన్న ఒక్క కారణంతో కొట్టేయకూడదన్నది నిజమే, జాగ్రత్తగా చూడాలన్నదీ అంతే నిజం.

అసలు బయటివాళ్ళు వేలు పెట్టాలా

పోలీసుల వైపు వాదన తేలిగ్గా తీసేసేది కాదు. ఏడేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి రావాలని కొత్త చట్టం అంటోంది, సోదాలు వీడియో తీయాలంటోంది. ఇంత పకడ్బందీగా పోగేసిన ఆధారాల మధ్యలోకి ఎవరో వచ్చి గిన్నెలు కదిపితే కేసు పోతుంది, నేరస్థుడు తప్పించుకుంటాడు, అమ్మాయికి ప్రాణాపాయం కూడా.

రెండో వైపుకి వరంగల్‌లోనే చరిత్ర ఉంది. పౌరహక్కుల సంఘాలు దశాబ్దాలపాటు నిజనిర్ధారణ కమిటీలుగా ఊళ్ళకి పోయి, చావుల గురించి అధికారులు చెప్పిన కథని ఊరివాళ్ళ మాటల పక్కన పెట్టి చూపించాయి. కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన బాలగోపాల్ ఆ పనికి ఒక క్రమశిక్షణ తెచ్చిన మనిషి. వాళ్ళు కూడా శిక్షణ పొందిన డిటెక్టివ్‌లు కారు. మూల్యమూ చెల్లించారు, పిల్లల డాక్టర్ రామనాథాన్ని 1985 సెప్టెంబర్ 3న వరంగల్‌లో ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. అయితే ఒక తేడా ఉంది. ఆ కమిటీలకి తాము చూసే చావులో సొంత లాభనష్టాలు ఉండేవి కావు, పైగా ఒకరు కాదు, పలువురు కలిసి వెళ్ళేవాళ్ళు. మెస్ అమ్మాయి తండ్రిని కాపాడుకోవాలని బయల్దేరింది, ఒంటరిగా. నా మటుకు ఆమె పోగు చేసే కాగితాల మీద నమ్మకం ఉంది, ఆమె తేల్చే తీర్పు మీద లేదు.

కేసు మూసేస్తే

కేరళ కూడత్తాయిలో 2002 నుంచి 2016 మధ్య ఒకే కుటుంబం చుట్టూ ఆరుగురు చనిపోయారు. 2011లో ఒకరి పోస్ట్‌మార్టంలో సైనైడ్ కనిపించినా ఆత్మహత్యగా వదిలేశారు. విదేశంలో ఉన్న కుటుంబ సభ్యుడొకరు ఆ పాత కాగితాలు తెప్పించుకుని ఫిర్యాదు చేయడంతో కేసు కదిలి, 2019 అక్టోబర్‌లో సమాధులు తవ్వడం, అరెస్టులు జరిగాయి. నేరం ఎవరిదో కోర్టు తేల్చాలి. నిజజీవితంలో ఇంటి మనిషి చేసిన దర్యాప్తు అంటే ఇలా ఉంటుంది, దరఖాస్తులు, జిరాక్సులు, ఎదురుచూపు.

సమాచార హక్కు కింద పది రూపాయలతో దరఖాస్తు పెట్టొచ్చు. దర్యాప్తు నడుస్తుండగా దానికి అడ్డం వస్తుందంటే 8(1)(హెచ్) కింద నిరాకరించగలరు, మూసేశాక ఆ సాకు బలహీనపడుతుంది. పోలీసులు ఆధారాల్లేవని తుది నివేదిక ఇస్తే, దాన్ని ఒప్పుకునే ముందు ఫిర్యాదుదారుకి నోటీసిచ్చి మాట వినాలని 1985లో భగవంత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్ళు ప్రొటెస్ట్ పిటిషన్, అంటే ఆ నివేదికని ఒప్పుకోవద్దనే అభ్యంతరం, వేయొచ్చు.

ఇక్కడ మన కథ మెలిక తిరుగుతుంది. వ్యాపారి కేసులో ఫిర్యాదు మీద సంతకం ఆయన భార్యది. ఆ కేసు మూసేస్తే నోటీసు ఆమెకే వస్తుంది, మెస్ వాళ్ళకి కాదు. పోస్ట్‌మార్టం కాగితం ముందు చేరేది కూడా ఆమె చేతికే. అంటే అమ్మాయికి కావాల్సిన తలుపులన్నీ ఆ ఇంటివైపే ఉన్నాయి, ఆ ఇంట్లోవాళ్ళేమో మెస్ వాళ్ళే చంపారని నమ్ముతున్నారు. వంటమాస్టర్ సంగతి వేరు. అతనికి ఊళ్ళో ఎవరూ లేరు, శవాన్ని మొదట చూసింది ఈ అమ్మాయే. ఆ పొద్దున స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు తన పేరున ఇచ్చి, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా తీసుకుని ఉంటే ఆ కేసులో నోటీసు ఆమె పేరునే వస్తుంది. తెల్లకాగితం మీద కానిస్టేబుల్ రాసిందానికి పక్కింటాయన సంతకం పెట్టి ఉంటే, ఆయనకి వస్తుంది.